నిచ్చెన ఇక్కడే ఉంది, పెద్దలకూ వేయండి

బడిలో ‘మొద్దు’ అనిపించుకుని, పెద్దయ్యాక కాగితం చూస్తేనే భయపడుతూ బతుకుతున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. వాళ్లకు మళ్లీ అఆలు దిద్దించి లాభం లేదు. నేర్చుకునే ఉపాయం నేర్పాలి. ఆ విద్య హార్స్లీ హిల్స్ నీడలో దాదాపు నాలుగు దశాబ్దాలుగా ఉంది.

మదనపల్లె ఆర్టీసీ బస్టాండులో కాసేపు నిలబడి బస్సుల బోర్డులు చూడండి. పుంగనూరు, పీలేరు, పలమనేరు. మూడూ ‘ప’తో మొదలవుతాయి, ‘రు’తో ముగుస్తాయి. చదువు అలవాటైన కంటికి ఇందులో చిక్కేమీ కనబడదు. చూపు పడగానే పేరు మనసులో పలికేస్తుంది. అక్షరం తేలిగ్గా లొంగని మనిషికి మాత్రం ఆ మూడు బోర్డులూ ఒకే పోలికలో ఉంటాయి. ‘ప’కు కొమ్ముందా, గుడిదీర్ఘముందా, అసలేమీ లేదా అని పోల్చుకుని, ఆ తేడాను శబ్దంగా మార్చుకునేలోగా బస్సు కదిలిపోతుంది. అందుకే అతను బోర్డు జోలికే పోడు. కండక్టరు కేక కోసం చెవులు రిక్కించి నిలబడతాడు. లేదంటే పక్కనున్న మనిషిని ‘అన్నా, ఇది పుంగనూరుకు పోతాదా?’ అని అడుగుతాడు. అడిగి ఊరుకోడు, ‘కళ్లద్దాలు ఇంట్లో మరిచొచ్చినా’ అని ఒక మాట కలుపుతాడు.

అతను టమాటా మండీలో హమాలీ కావచ్చు. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేసే నేతగాడు కావచ్చు. హార్స్లీ హిల్స్ ఘాట్ రోడ్డు మలుపుల్లో రోజూ జీపు తిప్పే డ్రైవరు కావచ్చు. పనిలో వంక పెట్టలేం. ఇంజన్ చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పేస్తాడు. తెగిన పోగును చూడకుండానే అతికేస్తాడు. బ్యాంకులో ఫారం చేతికిస్తే మాత్రం ఒళ్లంతా చెమట పడుతుంది. ఇలాంటివాళ్లలో బడి ముఖం చూడనివాళ్లే ఉంటారనుకోవడం పొరపాటు. ఐదారేళ్లు బెంచీ మీద కూర్చుని, దెబ్బలు తిని, ‘మట్టిబుర్ర’ అన్న పేరు మూటగట్టుకుని బయటికొచ్చిన వాళ్లూ వీళ్లలో ఉన్నారు. ఈ కథనం వాళ్ల గురించే.

తెలివికేం లోటు లేదు

తెలివి బాగానే ఉంది. కళ్లు, చెవులు బాగానే ఉన్నాయి. బడికీ పోయారు. అయినా చదవడమో రాయడమో లెక్కలో అదేపనిగా మొరాయిస్తుంటే దాన్ని నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటారు. చదవడంలో వచ్చే ఇబ్బంది డిస్లెక్సియా, రాతలో వచ్చేది డిస్‌గ్రాఫియా, అంకెల్లో వచ్చేది డిస్కాల్కులియా. ‘అభ్యసన వైకల్యం’ అన్న భావనకు 1963లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త శామ్యూల్ కిర్క్ ప్రచారం తెచ్చారు. ఇది కుటుంబాల్లో వంశపారంపర్యంగా కనిపిస్తుంది. సోమరితనం వల్లనో పెంపకం వల్లనో వచ్చేది కాదు, వయసుతో పాటు పోయేదీ కాదు. బుద్ధిమాంద్యం వేరు, ఇది వేరు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పు ప్రకారం, ఏ భాషలో చూసినా, ఏ సంస్కృతిలో చూసినా బడి వయసు పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి ఏదో ఒక రూపంలో ఈ ఇబ్బంది ఉంటుంది. పెద్దల్లో సుమారు 4 శాతం ఉండొచ్చని అంచనా. మండీలోనో, డ్వాక్రా సంఘం సమావేశంలోనో వందమంది చేరితే అందులో సుమారు నలుగురు ఉండొచ్చన్నమాట.

మన లిపి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. తెలుగు ఎలా రాస్తే అలాగే చదువుతాం, కాబట్టి తేలికని మనకో నమ్మకం. ఆ నమ్మకంలో సగమే నిజం. అచ్చులూ హల్లులూ యాభైకి పైగా. వాటి గుణింతాలు, వత్తులు కలిస్తే కన్ను గుర్తుపెట్టుకోవాల్సిన రూపాలు వందల్లోకి పోతాయి. ప, ష, ఫ, ఘ ఒకదానికొకటి చుట్టాల్లా కనబడతాయి. ద, ధ, థ మధ్య తేడా ఒక చుక్క, ఒక గీత. త, న, మ, య, ర వత్తులుగా మారేటప్పుడు అసలు రూపాన్ని వదిలేస్తాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు వరుసది. ‘మిత్రుడు’లోని ‘త్రు’నే తీసుకోండి. నోరు త్, ర్, ఉ అన్న వరుసలో పలుకుతుంది. కాగితం మీద కొమ్ము ‘త’కు తగిలి ఉంటుంది, ‘ర’ వత్తు వేరేగా వచ్చి చేరుతుంది. చెవికి వినబడే వరుస ఒకటి, కంటికి కనబడే వరుస మరొకటి. మామూలు పిల్లలు దీన్ని ఎలాగో దాటేస్తారు. శబ్దాన్నీ రూపాన్నీ ముడివేయడమే కష్టమైన మనిషి అక్కడే కూలబడతాడు.

తెలుగుకు అక్కచెల్లెలి వరస అయిన కన్నడ లిపి మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. అక్షరాల మొత్తం పట్టు చిక్కడానికి పిల్లలకు నాలుగైదు తరగతుల దాకా పడుతుందని అందులో తేలింది. మన బడుల్లో ఒకటో తరగతి దాటగానే ‘అక్షరాలు అయిపోయాయి’ అనుకుని పాఠాల మీద పడిపోతాం. అక్కడ జారిపోయినవాడు మళ్లీ పైకి రాలేడు.

మదనపల్లె పిల్లాడు

ఈ ఊళ్లో పుట్టిన ఒక పిల్లాడి చరిత్ర ఈ సందర్భంలో గుర్తుచేసుకోవాలి. తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి. పిల్లాడికి చిన్నప్పుడు మలేరియా పట్టుకుని చదువు చాలాకాలం వెనకబడింది. బడిలో పాఠం అప్పజెప్పలేకపోయేవాడు. పలకమంటే పలకడు, ఎటో చూస్తుంటాడు. మందబుద్ధి అనుకున్నారు. 1909లో కుటుంబం మద్రాసు అడయారుకు మారాక అక్కడి బడిలోనూ బెత్తం దెబ్బలే. తమ్ముడు నిత్యానంద చురుకు, అన్న మొద్దు అని అందరి లెక్క. అదే పిల్లాడు ఒకసారి ఇంట్లో గడియారాన్ని ముక్కముక్కలుగా విప్పి, తిరిగి బిగించేదాకా బడికి పోనని, అన్నం తిననని మొండికేశాడని ఆయన జీవిత చరిత్ర రాసిన మేరీ లుటియన్స్ నమోదు చేశారు. ఇంత ఓపికా ఇంత ఏకాగ్రతా ఉన్న పిల్లాడిలో బడికి ఏ గుణమూ కనబడలేదు.

అడయారులోని దివ్యజ్ఞాన సమాజం వాళ్లు ఆ బడి మాన్పించి ఇంటి దగ్గరే చదువు చెప్పించాక కొన్ని నెలల్లోనే ఇంగ్లిష్ పట్టుబడింది. పరీక్షలు మాత్రం చివరిదాకా లొంగలేదు. ఇంగ్లండులో లండన్ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పదేపదే రాసి పదేపదే తప్పారు. తమ్ముడు అదే పరీక్ష గట్టెక్కాడు. ఆ తర్వాత అరవై ఏళ్ల పాటు ఆయన ప్రపంచమంతా తిరిగి, చేతిలో కాగితం ముక్క లేకుండా గంటల తరబడి మాట్లాడారు.

ఆయనకు అభ్యసన వైకల్యం ఉందని అప్పుడు ఎవరూ పరీక్షించలేదు. ఇన్నేళ్ల తర్వాత మనం ఆ ముద్ర వేయడం న్యాయం కాదు. నేను చెప్పదలచింది ఒకటే. ఒక పద్ధతిలో నేర్చుకోలేని మనిషికి మరో పద్ధతిలో చదువు వచ్చిందనడానికి ఈ ఊరి చరిత్రలోనే సాక్ష్యం ఉంది. దెబ్బలు తిన్న ఆ పిల్లాడే పెద్దయ్యాక, హార్స్లీ హిల్స్ పాదాల దగ్గరి లోయలో భయం లేని బడి ఒకటి ఉండాలని కోరుకున్నారు. 1926లో స్థలం చూశారు, 1931 నుంచి అక్కడ రిషివ్యాలీ స్కూలు నడుస్తోంది.

లోయలో తయారైన నిచ్చెన

రిషివ్యాలీ అనగానే స్థోమతున్నవాళ్ల పిల్లల బోర్డింగు స్కూలు గుర్తొస్తుంది. ఆ ప్రాంగణానికి చుట్టూ ఉన్న పల్లెల్లో జరిగిన పని అంతకంటే గొప్పదని నా నమ్మకం. వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర్లో అక్కడికి వచ్చి గ్రామీణ విద్య పని చేపట్టారు. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతుల పిల్లలు. మన పల్లె బడి అసలు స్వరూపం అదే. అలాంటి బడికి తగ్గ పద్ధతి కోసం ఊరి యువకులకే శిక్షణ ఇచ్చి ఉపగ్రహ పాఠశాలలు తెరిచారు. అలా పుట్టిందే ‘పెట్టెలో బడి’. రిషివ్యాలీ విద్యా వనరుల సంస్థ, అందరూ పిలిచే పేరు ‘రివర్’, దాన్ని బహుళ తరగతి, బహుళ స్థాయి పద్ధతిగా పెంచి పోషించింది.

గోడ మీద ఒక నిచ్చెన పటం ఉంటుంది. ఏడాది చదవాల్సిన పాఠమంతా చిన్నచిన్న మెట్లుగా విడిపోయి ఆ పటం మీద కనిపిస్తుంది. ఒక్కో మెట్టుకు ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె. పిల్ల తనెక్కడుందో తానే చూసుకుంటుంది, ఆ గుర్తున్న కార్డు అరలోంచి తీసుకుంటుంది, పని చేస్తుంది, తిరిగి పెట్టేస్తుంది. కొన్ని కార్డులు కొత్త సంగతి చెబుతాయి, కొన్ని సాధన చేయిస్తాయి, కొన్ని పరీక్షిస్తాయి. పరీక్షలో తట్టుకోలేకపోతే దిగువ మెట్టుకు తోసేయరు. అదే సంగతిని మరో దారిలో నేర్పే కార్డు వేరే ఉంటుంది. కొన్ని పనులు టీచరు పక్కన కూర్చుని, కొన్ని తోటివాళ్లతో, కొన్ని ఒంటరిగా చేయాలి. వేరుశనగ పీకే రోజుల్లో పొలానికి పోయిన పిల్ల తిరిగొచ్చాక ఆగిన మెట్టు నుంచే ఎక్కుతుంది. తప్పడమన్న మాటే లేదు, ఎవరి నడక వాళ్లది.

ఈ నిచ్చెన ఇక్కడ ఆగలేదు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు వచ్చి చూసి వెళ్లి, కర్ణాటకలో ‘నలి-కలి’ మొదలుపెట్టారు. అందులో అక్షరాలు వర్ణమాల వరుసలో రావు. రాయడానికి, మాటలు కట్టడానికి వీలైన ర, గ, స, ద, అ ముందు వస్తాయి. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఇదే స్ఫూర్తితో కార్యాచరణ విద్యను ఎత్తుకున్నాయి, తర్వాత తమిళనాడంతా పాకింది. జర్మనీలో రేగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఈ పద్ధతి మీద రివర్‌తో కలిసి పనిచేసింది.

దేశాలు దాటిన నిచ్చెన మన మండీ దాకా రాకపోవడమే నా బాధ. ఇది పిల్లల కోసం చేసిందే, ఒప్పుకుంటాను. దాని లోపలి సూత్రాలు మాత్రం అభ్యసన వైకల్యం ఉన్న పెద్దవాళ్ల కోసమే కూర్చినట్టుంటాయి. చిన్న మెట్లు, చేతితో పట్టుకునే కార్డు, పదిమందిలో పరువు పోకుండా తన వేగంతో నడవడం, పనిరోజులు పోగా మిగిలిన సాయంత్రాల్లో ఎప్పుడొచ్చినా ఆగినచోటి నుంచి అందుకోవడం. రాత్రి ఏడింటికి కాళ్లు కడుక్కుని వచ్చే హమాలీకి ఇంతకంటే ఏం కావాలి?

ఉపాయం నేర్పడమంటే

పెద్దవాళ్లకు చదువు చెప్పేవాళ్లు సాధారణంగా చేసే పని పాఠం మళ్లీ చెప్పడం, అర్థం కాకపోతే ఇంకా గట్టిగా, ఇంకా నెమ్మదిగా చెప్పడం. అభ్యసన వైకల్యం ఉన్న మనిషికి అది పనిచేయదు. మామూలు పాఠకుడు తెలియని మాట ఎదురైనప్పుడు లోలోపల ఏదో చేస్తాడు. మాటను విరుస్తాడు, ముందూ వెనకా చూస్తాడు, ఊహిస్తాడు, సరిచూసుకుంటాడు. ఇవన్నీ తెలియకుండానే జరిగిపోతాయి. ఆ ‘లోపలి పని’ కొందరికి తనంతట తాను అలవడదు. దాన్ని బయటపెట్టి, మెట్టు మెట్టుగా నేర్పాలి. అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ డెష్లర్, జీన్ షూమేకర్ బృందం 1978 నుంచి చేసిన పని అదే. ముందు హైస్కూలు పిల్లల కోసం మొదలై, తర్వాత పెద్దల దాకా వచ్చింది. మొదట ఆ మనిషి ఎక్కడున్నాడో చూసి, నేర్చుకుంటానన్న మాట అతని నోటితోనే తీసుకుంటారు. ఉపాయమేమిటో వివరిస్తారు. గురువు తన ఆలోచనను పైకి చెబుతూ చేసి చూపిస్తాడు. తర్వాత నోటితో సాధన, తేలిక పాఠం మీద సాధన, అసలైన కాగితం మీద సాధన. చివరిది అన్నిటికంటే ముఖ్యం, నేర్చుకున్నదాన్ని బయటి లోకంలో కొత్త చోట వాడటం.

తెలుగులో ఇది ఎలా ఉంటుందో చూద్దాం. సాయంత్రం బడిలో ఒక వలంటీరు, ఎదురుగా నలభై ఏళ్ల మనిషి ఉన్నారనుకోండి. వాళ్ల ముందు మార్కెట్ నోటీసు, అందులో ‘వ్యవసాయోత్పత్తుల’ అన్న మాట. మామూలు టీచరైతే ‘ఇది వ్యవసాయోత్పత్తుల, మళ్లీ చెప్పు’ అంటుంది. ఉపాయం నేర్పే టీచరు తానే తెలియనట్టు మొదలుపెడుతుంది.

‘అన్నా, ఈ మాట నాకు తెలీదనుకో. నేనేం చేస్తానో చూడు. భయపడను, ఆగుతాను. చీటీ ముక్కతో మాట అంతా మూసి, మొదటి ముక్క మాత్రం తెరుస్తా. వ్య... వ... సా... య. వ్యవసాయ. ఇది నాకు తెలుసు, మన పనే కదా. మిగిలింది తెరుస్తా. యో... ఇక్కడ రెండు మాటలు అతుక్కున్నట్టుంది. ఉత్పత్తుల. పండించినవి. ఇప్పుడు కలుపుతా. వాక్యంలో పెట్టి చూస్తా, అర్థం కుదిరిందా? కుదిరింది.’

తర్వాత అతని వంతు. ఆగు, మూయి, విరువు, కలుపు, సరిచూడు. ఐదు మాటలు, ఐదు వేళ్లు. ఒక్కో వేలు ముడుస్తూ ఆ వరుసను నోటికి తెచ్చుకుంటాడు. వత్తులొచ్చిన చోట ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, ఆ శబ్దాన్ని పైకి పలుకుతూ బల్ల మీద వేలితో రాస్తాడు. కన్ను, చెవి, నోరు, చేయి నాలుగూ ఒకేసారి పనిచేయాలి. డిస్లెక్సియా ఉన్నవాళ్లకు నేర్పే పద్ధతుల్లో ఇది 1930ల నుంచి నలిగిన దారి. మన పెద్దలు ఇసుకలో వేలితో దిద్దించేవాళ్లు, అందులో ఈ నాలుగూ ఉన్నాయి.

చదివింది గుర్తుండకపోవడం ఇంకో బాధ. అక్షరాలు కూడబలుక్కోవడంలోనే శక్తంతా అయిపోతుంది, అర్థం జారిపోతుంది. దానికి కాన్సస్ వాళ్లు మూడు అడుగుల ఉపాయం చెప్పారు. ఒక్క పేరా చదువు. ఇందులో ఏం చెప్పారని నిన్ను నువ్వు అడుగు. జవాబును నీ సొంత మాటల్లో చెప్పు. మన ప్రాంతం మాటలోనే చెప్పనివ్వాలి. ‘అప్పు మూడు కంతుల్లో కట్టాలంట, తప్పితే వడ్డీ పడతాదంట’ అని అతను అంటే ఆ నోటీసు అతనికి వచ్చినట్టే. ‘కంతు కాదు, వాయిదా అనాలి’ అని సరిదిద్దే టీచరు అక్కడితో అతన్ని పోగొట్టుకుంటుంది.

అంకెల కష్టం ఈ రోజుల్లో ఫోనులోకి వచ్చింది. 500 కు బదులు 5,000 పంపేసి లబోదిబోమనే వాళ్లను అందరం చూస్తున్నాం. డిస్కాల్కులియా ఉన్నవాళ్లకు సున్నాల సంఖ్య కంటికి ఆనదు. పంపే ముందు సున్నాలను వేలితో లెక్కపెట్టడం, మొత్తాన్ని పైకి ‘ఐదు వందలు’ అని పలకడం, ఆ తర్వాతే నొక్కడం. ఇంతే ఉపాయం, అలవాటయ్యేదాకా పదేపదే చేయించాలి. ఫోను తెలుగును పైకి చదివి వినిపిస్తుంది, మాట్లాడితే రాసిపెడుతుంది. దాన్ని వాడటం మోసమని, సోమరితనమని కొందరు పంతుళ్లు ముఖం చిట్లిస్తారు. చూపు తగ్గినవాళ్లు అద్దాలు పెట్టుకుంటే ఎవరైనా తప్పు పడతారా?

మొదటి రోజు అడగాల్సింది మాత్రం ఒకే ప్రశ్న: ‘ఏం చదవాలని ఉంది?’ మనవరాలి ప్రోగ్రెస్ రిపోర్టు కావచ్చు, సంఘం అప్పు పుస్తకం కావచ్చు, తిరుమల టికెట్టు కావచ్చు, డ్రైవింగు పరీక్ష కావచ్చు. రవాణా వాహనం నడపడానికి ఎనిమిదో తరగతి ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లో తీసేసింది. చదువు లేక బండి తోలే అవకాశం పోగొట్టుకున్నవాళ్లకు అది మేలు చేసింది. లెర్నర్ లైసెన్సు పరీక్షలో రోడ్డు గుర్తులు, నియమాల మీద ప్రశ్నలు ఇంకా ఎదుర్కోవాలి. హార్స్లీ హిల్స్ దారిలో బండి తోలాలనుకునే కుర్రాడికి ఆ ప్రశ్నలే మొదటి వాచకం కావాలి.

వయసు మీరిందా?

‘ఈ వయసులో మెదడుకు ఎక్కుతుందా?’ అన్న అనుమానానికి 2017లో గట్టి జవాబే వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో లక్నో దగ్గరి గ్రామాల్లో అక్షరం ముక్క రాని పెద్దలకు ఆరు నెలలు హిందీ చదవడం నేర్పి, ముందూ తర్వాతా మెదడును స్కాన్ చేశారు. వాళ్లలో ఎక్కువమంది ముప్పై ఏళ్ల ప్రాయంలోని మహిళలు. జర్మనీ, నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలు, లక్నో పరిశోధకులతో పాటు హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు రమేశ్ కుమార్ మిశ్రా ఆ పనిలో భాగస్వాములు. మెదడు పైపొరల్లోనే కాక, లోతున ఉండే థాలమస్, మెదడు కాండం భాగాల్లో కూడా మార్పు వచ్చిందని వాళ్లు చూపించారు. వాళ్లంతా బడికి పోనివాళ్లు, అభ్యసన వైకల్యం ఉన్నవాళ్లని ఎంచి తీసుకోలేదు. వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం, ఇంకా చిన్న మెట్లు కావాలి. ‘వయసు మీరింది’ అన్న సాకు మాత్రం ఇక చెల్లదు.

చట్టం చెప్పింది, మనం చేయలేదు

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి, అభ్యసన వైకల్యం లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆ జాబితాను 21 కి పెంచి దీన్ని చేర్చింది. ఇప్పుడు 30 దాటినవాళ్లు బడిలో ఉన్నప్పుడు వాళ్ల కష్టానికి చట్టంలో పేరే లేదన్నమాట. వాళ్లకు ‘మొద్దు’ అన్న పేరే మిగిలింది. 2018 మార్గదర్శకాలు అభ్యసన వైకల్య ధ్రువపత్రాన్ని ఎనిమిదేళ్ల వయసు నుంచి ఇవ్వాలని, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షించాలని, 18 కి ఇచ్చింది జీవితాంతం చెల్లుతుందని చెప్పాయి. బడిలో ఉన్న పిల్లకు ఇది దారి చూపిస్తుంది. ఐదో తరగతిలో మానేసి నలభై ఏళ్లకు వచ్చిన మనిషి ఈ వరుసలో ఎక్కడ నిలబడాలి? వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరానికి వెళ్లి ‘సార్, నాకు అక్షరాలు నిలవవు’ అని చెప్పుకునే ధైర్యం ఎవరికుంటుంది? పరీక్షించే సాధనాల కొరత కూడా ఉంది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో తెచ్చిన ‘డాలి’ మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్ భాషలకే తయారైంది, అదీ చిన్నపిల్లలకే.

అదే 2016 చట్టంలో 18వ సెక్షన్ ఒకటుంది. వయోజన విద్యలో, నిరంతర విద్యలో దివ్యాంగులు మిగతావాళ్లతో సమానంగా పాల్గొనేలా ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు చర్యలు తీసుకోవాలని చెబుతుంది. ‘తీసుకోవచ్చు’ అనలేదు, ‘తీసుకోవాలి’ అంది.

వయోజన విద్యకు మన రాష్ట్రంలో గొప్ప చరిత్రే ఉంది. 1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ కింద మూడు వాచకాలు, 200 గంటలు అన్న లెక్కన పల్లెపల్లెకూ రాత్రిబడులు వచ్చాయి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆ బడుల్లో కూర్చున్న ఆడవాళ్లే సారా దుకాణం మూయించి సారా వ్యతిరేక ఉద్యమానికి పునాది వేశారు. ఆ వాచకాలు ఎంత మంచివైనా అందరికీ ఒకే దారి, ఒకే వేగం. మొదటి పుస్తకం దగ్గరే ఆగిపోయినవాళ్లను ‘డ్రాపౌట్లు’ అని లెక్కరాసుకున్నారు తప్ప ఎందుకు ఆగారని అడగలేదు. ఇప్పుడు 1,037.90 కోట్ల రూపాయలతో 2022 నుంచి 2027 దాకా ‘ఉల్లాస్’ వయోజన విద్యా పథకం నడుస్తోంది. 15 ఏళ్లు దాటినవాళ్లకు చదువు, రాత, లెక్క కలిపి 150 మార్కుల పరీక్ష. అందులోనూ చతికిలబడేవాళ్లు ఉంటారు. వాళ్లను రెండోసారి అదే పరీక్షకు కూర్చోబెట్టడం కంటే, ఎక్కడ ఆగారో చూసి ఉపాయం నేర్పడం మేలు.

తమిళనాడు, కర్ణాటక సరిహద్దుల్లోని కుప్పంలో సంగతి ఇంకా కష్టం. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, రైలెక్కి బెంగళూరు పనికి పోతే కన్నడం. మాట వరకు మూడూ నోట్లో సులువుగా ఆడతాయి. బోర్డులు మూడు లిపుల్లో ఉంటాయి. ఒక్క లిపే నిలవని మనిషికి అది మూడింతల శిక్ష. అక్కడే గుడివంక దగ్గర 172 ఎకరాల్లో అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం ఉంది. 1999లో మొదలైన ఆ సంస్థ చేతితో ముట్టుకుని, విప్పి, బిగించి నేర్చుకునే విజ్ఞానాన్ని బడిపిల్లలకు అందిస్తోంది. గడియారం విప్పిన మదనపల్లె పిల్లాడికి కావలసిన బడి అదే. ద్రావిడ విశ్వవిద్యాలయం కూడా కుప్పంలోనే ఉంది. అక్కడి భాషా శాస్త్రవేత్తలు ఈ మూడు లిపుల మధ్య నలిగే పెద్దల కోసం ఒక్క పరీక్షా సాధనం, ఒక్క కార్డుల పెట్టె తయారుచేస్తే దేశానికే ఉపకారం.

అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి మండల కేంద్రంలో ఒక గది, వారానికి మూడు సాయంత్రాలు. రివర్ నిచ్చెనను పెద్దల బతుకు కాగితాలతో తిరిగి కూర్చిన ఒక కార్డుల పెట్టె. ఉపాయాలు నేర్పడంలో శిక్షణ పొందిన ఇద్దరు స్థానికులు. డ్వాక్రా సంఘాల సమావేశాల్లో, మండీలో, ఆటో స్టాండులో ‘మీకు రాకపోవడం మీ తప్పు కాదు, రండి’ అన్న పిలుపు. ఓపెన్ స్కూలు స్టడీ సెంటర్లు, సచివాలయాలు ఉన్నాయి. రిషివ్యాలీలో పద్ధతి ఉంది. చట్టంలో సెక్షన్ ఉంది. వీటిని ఒకచోట కూర్చోబెట్టే బాధ్యత జిల్లా యంత్రాంగానిది. ఈ విద్యా సంవత్సరంలోనే మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో ఒక్కో కేంద్రమైనా తెరవాలని అధికారులను కోరుతున్నాం. మీ ఇంట్లోనో, మీ దగ్గర పనిచేసేవాళ్లలోనో ఇలాంటివాళ్లుంటే వెక్కిరించకండి, తొందరపెట్టకండి. పక్కన కూర్చుని, ఏం చదవాలని ఉందో అడగండి.